నూలుపోగు నేర్పు విజ్ఞాన పాఠము



వీర్నపల్లి గుట్టమీదినుండి జారవిడిచిన రాయియు, లండను నగరములోని మేడమీదినుండి జారవిడిచిన రాయియు ఒకే నియమమునకు లోబడి నేలను చేరుచున్నవి. విజ్ఞానశాస్త్ర నియమములకు ఊరు లేదు, భాష లేదు, కులము లేదు. అట్లయినచో ఆ శాస్త్రమును బడిలో బోధించు విధానము మాత్రము తరమునకొక తీరుగా ఏల మారుచున్నది? ఏ అంశము పాఠ్యపుస్తకములో ఉండవలెను, ఏది ఉండనక్కరలేదు, దానిని గురువు చెప్పవలెనా, విద్యార్థి చేసి చూడవలెనా, పరీక్షలో ఏమని అడుగవలెను? ఈ ప్రశ్నలకు సమాధానము విజ్ఞానశాస్త్రములో దొరకదు. విద్య ఎందులకు అను వేరొక ప్రశ్నలో దొరకును. ఆ ప్రశ్నకు ఒక్కొక్క కాలము చెప్పుకొన్న సమాధానమునే మనము విద్యాదర్శనము అనుచున్నాము.

ఇది పండితగోష్ఠులకు తగిన మాట, మన ఇంటి పిల్లల చదువుతో దీనికేమి పని అని కొందరికి తోచవచ్చును. ఆ సందేహము తీరుటకు ఒక చిన్న వస్తువును చేతబట్టుకొని ఈ విషయమును పరిశీలింతము. ఆ వస్తువు నూలుపోగు. వీర్నపల్లి పాత కరీంనగరు జిల్లాలో అడవి అంచున, లంబాడీ తండాల నడుమ నున్న ఊరు. 2016 అక్టోబరులో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు అది రాజన్న సిరిసిల్ల జిల్లాలో మండల కేంద్రమైనది. జిల్లా కేంద్రమైన సిరిసిల్ల నేతపనికి పేరుపొందిన పట్టణము. అచ్చట మరమగ్గములను సాంచెలు అందురు. పత్తిచేను, కండె, పడుగు, పేక అను మాటలు ఎరుగని పిల్లవాడు ఈ ప్రాంతమున అరుదు. అట్టి పిల్లవానికి నూలుపోగును గురించి బడి ఏమి నేర్పవలెను? విద్యాదర్శనము మారినకొలది ఈ ఒక్క పాఠము ఎట్లు మారునో చూచినచో తక్కినదంతయు తేటతెల్లమగును.

మొదటి దర్శనము మనకందరకు పరిచితమైనదే. జ్ఞానము పుస్తకములో ఉన్నది, గురువు దానిని చెప్పును, శిష్యుడు వల్లెవేసి అప్పగించును. ఈ పద్ధతిలో నూలు పాఠము అయిదారు వాక్యములతో ముగియును. పత్తి నల్లరేగడి నేలలో పండును, పత్తి మొక్క మందార కుటుంబమునకు చెందినది, నూలు వస్త్రములు చెమటను పీల్చును. ఇవి అన్నియు సత్యములే. కాని అవి సత్యములని విద్యార్థి ఎట్లు ఎరుగును? పుస్తకము చెప్పినది గనుక. అనగా వాడు నేర్చినది పత్తిని గురించి కాదు, పుస్తకమును నమ్ముటను గురించి.

మన ప్రాంతమున ఈ భారమునకు భాషాభారము కూడ తోడైనది. 1948 వరకు సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల ప్రాంతములన్నియు హైదరాబాదు సంస్థానములో నుండినవి. 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయము ఆంగ్లమునకు బదులుగా ఉర్దూలో ఆధునిక శాస్త్రములను బోధింప పూనుకొన్నది. ఒక భారతీయ భాష ఆధునిక శాస్త్రమును మోయగలదని నిరూపించిన ఆ యత్నము గొప్పదే. అయినను ఇంట తెలుగో, గోర్‌బోలీయో మాటలాడు పల్లె పిల్లవానికి ఉర్దూ కూడ దూరపు భాషయే. 1906లో హైదరాబాదులో విజ్ఞానచంద్రికా మండలిని నెలకొల్పి, కొమర్రాజు లక్ష్మణరావుగారు మొదలైనవారు చరిత్రతో పాటు శాస్త్రగ్రంథములను కూడ తెలుగులో వెలువరింప పూనుకొనుటకు గల కారణమును ఇచ్చటనే చూడవచ్చును. సామాన్యుని భాషలోనికి రాని శాస్త్రము సామాన్యునిది కాజాలదు అనుట కూడ ఒక విద్యాదర్శనమే.

రెండవ దర్శనము అమెరికాలో రూపుగొన్నది. జాన్ డ్యూయీ అను తత్త్వవేత్త 1896లో చికాగో విశ్వవిద్యాలయమున ఒక ప్రయోగ పాఠశాలను తెరచినాడు. చిత్రమేమనగా ఆయన కూడ నూలుపోగునే ఉదాహరణముగా తీసికొన్నాడు. పిల్లల చేతికి గింజతో కూడిన పత్తిని, గొర్రె ఉన్నిని ఇచ్చినారు. పూర్వులు నూలు బట్టలకంటె ముందు ఉన్ని బట్టలను ఏల వాడిరి అన్నది ప్రశ్న. పిల్లలు అరగంటసేపు చేతితో గింజలు తీసి చూచినారు. ఒక ఔన్సు దూది కూడ చేరలేదు. పత్తిపోగు పొట్టిది, ఉన్నిపోగు పొడవైనది అని కూడ కనుగొన్నారు. గింజ తీయు యంత్రము రానంతవరకు పత్తి ఏల వెనుకబడినదో వారికి ఎవరును చెప్పనక్కరలేకపోయినది. పోగు పొడవులోనుండి చరిత్ర, యంత్రశాస్త్రము, భూగోళము పుట్టుకొని వచ్చినవి. మానవుడు తన కష్టమును తీర్చుకొనుటకై ఆలోచించును, ఆ ఆలోచనయే శాస్త్రము, బడి దానికి తావు కావలెను అని డ్యూయీగారి సిద్ధాంతము.

మూడవ దర్శనము మన దేశమునదే. 1937 అక్టోబరులో గాంధీమహాత్ముడు వార్ధాలో విద్యావేత్తల సభను సమకూర్చి, చేతిపని కేంద్రముగా సమస్త విద్యను నేర్పవలెనను ప్రతిపాదనమును వారి ముందుంచినారు. పాఠ్యప్రణాళికను సిద్ధము చేయు భారము హైదరాబాదులో జన్మించిన జాకీర్ హుసేన్‌గారి అధ్యక్షతన ఏర్పడిన సంఘమునకు అప్పగింపబడినది. ఇచ్చట నూలుపోగు పాఠములోని ఉదాహరణము కాదు, అదియే పాఠము. తకిలి తిరుగుటలో భ్రమణము, పోగుకు పురి ఎక్కినకొలది బలము పెరుగుటలో ఘర్షణము, రోజుకెన్ని బారలు వడికినారో లెక్కించుటలో గణితము ఇమిడియున్నవి. చేతికి, బుద్ధికి నడుమ మన సమాజము కట్టిన గోడను పడగొట్టుట దీని ఆశయము. వస్త్రము నేసినవాని విద్యను విద్యగా గుర్తింపని దేశములో ఇది చిన్న ఆశయము కాదు.

అయినను నేతవాడలలో దీనికి ఒక గట్టి ప్రశ్న ఎదురగును. మా తాత మగ్గము నేసినాడు, మా తండ్రి సాంచె నడిపినాడు, బడికి వెళ్లి మా పిల్లవాడు కూడ దారమే వడుకవలెనా అని తల్లిదండ్రులు అడిగినచో సమాధానమేమి? ఆ ప్రశ్నలో సోమరితనము లేదు, అనుభవమున్నది. చేతిపని గొప్పదని నగరవాసి పిల్లవానికి నేర్పుట ఒక యెత్తు, దానినుండి బయటపడగోరు పిల్లవానికి మరల దానినే అప్పగించుట మరియొక యెత్తు. మూలవిద్య అను పేరు నిలిచినను, అది దేశమంతట వేళ్లూనకపోవుటకు గల కారణములలో ఈ అనుమానము ఒకటి.

నాలుగవ దర్శనమునకు ఆకాశము కారణమైనది. 1957 అక్టోబరులో రష్యా స్పుత్నిక్‌ను ప్రయోగించుటతో అమెరికాలో విజ్ఞాన పాఠ్యప్రణాళికలను తిరగవ్రాయు పనికి వేగము హెచ్చినది. 1960లో జెరోమ్ బ్రూనర్ వెలువరించిన గ్రంథము దానికి సిద్ధాంతమును సమకూర్చినది. ప్రతి శాస్త్రమునకు ఒక అంతర్నిర్మాణము కలదు, విడివిడి విషయములకంటె ఆ నిర్మాణమును పట్టుకొనుట ముఖ్యము అని దాని సారాంశము. మన దేశములో 1961లో జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి ఏర్పడినది. భౌతికశాస్త్రజ్ఞుడైన డి. ఎస్. కొఠారీగారి అధ్యక్షతన 1964 నుండి 1966 వరకు పనిచేసిన విద్యా సంఘము, మొదటి పది సంవత్సరముల బడిచదువులో గణితమును, విజ్ఞానశాస్త్రమును అందరకు తప్పనిసరి చేయవలెనని చెప్పినది. బాలిక గాని, బాలుడు గాని, పల్లె గాని, పట్టణము గాని, విజ్ఞానము ఎవరికిని ఐచ్ఛికము కారాదన్న ఈ నిర్ణయము మన విద్యాచరిత్రలో ఒక మైలురాయి. వీర్నపల్లి తండాలోని ఆడపిల్ల నేడు పదవ తరగతిలో భౌతికశాస్త్రమును చదువుచున్నదనిన దాని వెనుక ఈ దర్శనమున్నది.

ఈ దృష్టితో చూచినప్పుడు నూలుపోగు సెల్యులోజు అణువుల దీర్ఘశృంఖలము. సిరిసిల్ల సాంచెలపై విస్తారముగా నేయు పాలిస్టరు కూడ దీర్ఘశృంఖలమే, అయితే అది మానవుడు కూర్చినది. రెండును ఒకే భావము క్రిందికి వచ్చుచున్నవి. ఇది గొప్ప దృష్టి. కాని ప్రయోగశాల లేని బడిలో ఈ అణుశృంఖలము నల్లబల్లమీద బొమ్మగానే మిగిలిపోవును. అప్పుడు నాలుగవ దర్శనము చల్లగా మొదటి దర్శనములోనికి జారిపోవును. వల్లెవేయు వాక్యము మాత్రము కొంచెము కఠినమైనదగును.

ఈ జారుడును ఆపుటకు జరిగిన యత్నములలో హోషంగాబాదు విజ్ఞాన బోధన కార్యక్రమము ముఖ్యమైనది. 1972లో మధ్యప్రదేశములోని పదునారు మాధ్యమిక పాఠశాలలలో అది ఆరంభమైనది. విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు, పల్లె ఉపాధ్యాయులు కలిసి చౌక సామగ్రితో ప్రయోగములను కూర్చినారు. విద్యార్థులు జట్లుగా కూడి ప్రయోగము చేసి, తాము చూచినదానిని తమ మాటలలో వ్రాసికొనిరి. అన్నిటికంటె సాహసమైనది పరీక్షావిధానము. పుస్తకము తెరచుకొని వ్రాయవచ్చును, చేతితో చేసి చూపవలసిన పరీక్ష వేరుగా ఉండును. దర్శనము మారినప్పుడు ప్రశ్నపత్రము కూడ మారవలెనని వారు గ్రహించినారు. వందలాది పాఠశాలలకు వ్యాపించిన ఆ కార్యక్రమమును 2002లో అచ్చటి ప్రభుత్వము నిలిపివేసినది. ముప్పది సంవత్సరములు నడచినదన్న సంతోషము, నిలిచిపోయినదన్న విచారము రెండును మనకు పాఠములే.

మన తెలుగుగడ్డమీద కూడ ఇట్టి గాలి వీచినది. 1980, 1990 దశకములలో బ్రిటిషు ప్రభుత్వ సహాయముతో నడచిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకము కృత్యముల ద్వారా బోధించుటను వేలాది ఉపాధ్యాయులకు పరిచయము చేసినది. 1988లో ఏర్పడిన జనవిజ్ఞాన వేదిక బడి గోడల వెలుపల ఆ పనిని చేపట్టినది. 1993లో ఆచార్య యశ్‌పాల్‌గారి సంఘము బడిసంచి బరువుకంటె అర్థము కాని చదువు బరువు ఎక్కువ అని తేల్చినది. ఆయన అధ్యక్షతననే 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రము వెలువడినది. దానిని అనుసరించి 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ తన రాష్ట్ర చట్రమును రూపొందించుకొన్నది. పిల్లవాడు ఖాళీ కుండ కాదు, తన అనుభవముతో జ్ఞానమును తానే నిర్మించుకొనును అన్నది ఈ అయిదవ దర్శనము.

ఆ చట్రమును బట్టి వచ్చిన విజ్ఞాన పుస్తకములను తెరచి చూడుడు. విషయావగాహనతో పాటు ప్రశ్నించుట, పరికల్పన చేయుట అనునది ఒక ప్రత్యేక విద్యాప్రమాణముగా అచ్చుపడియున్నది. ప్రయోగములు, క్షేత్రపరిశీలనలు మరియొకటి. జీవవైవిధ్యమును గౌరవించుట ఇంకొకటి. 2014–15 విద్యాసంవత్సరమునుండి పదవ తరగతిలో ఇరువది మార్కులు బడిలోని నిర్మాణాత్మక మూల్యాంకనమునకు, ఎనుబది మార్కులు చివరి పరీక్షకు కేటాయించినారు. నూలుపోగు పాఠము ఇప్పుడు ఇట్లు నడువవచ్చును. ఒక నూలుపోగును, ఒక పాలిస్టరు పోగును ఉపాధ్యాయుని సమక్షమున పటకారుతో పట్టి నిప్పు చూపింపుడు. ఒకటి కాగితము కాలిన వాసన వేసి బూడిద యగును. మరియొకటి కరగి ముడుచుకొని గట్టి పూసయగును. రెండు గుడ్డముక్కలపై నీటిచుక్క వేసి చూడుడు. 2017 నుండి కొన్ని సంవత్సరములపాటు బతుకమ్మ పండుగకై సిరిసిల్లలో లక్షలాది చీరలు నేసినారు గదా, అవి ఎక్కువగా పాలిస్టరుతో ఏల నేసినారు, దానివలన లాభమెవరికి, ఎండకాలమున కట్టువారికి అసౌకర్యమేమి అని అడుగుడు. ఇచ్చట రసాయనశాస్త్రము, ఆర్థికశాస్త్రము, ఆరోగ్యము ఒక్కచోట కూడినవి.

ఇంత మంచి దర్శనము కాగితముమీద ఉండగా లోపమెచ్చట? మా అభిప్రాయమును దాపరికము లేక చెప్పెదము. వ్రాసిన దర్శనము ఒకటి, వ్రాయని దర్శనము మరియొకటి మన ఇండ్లలో, బడులలో ఏకకాలమున నడచుచున్నవి. వ్రాయని దర్శనము పేరు ర్యాంకు. విజ్ఞానశాస్త్రము ఇంజనీరింగు, వైద్య ప్రవేశపరీక్షలకు సోపానము మాత్రమే అని అది చెప్పును. ఆరవ తరగతినుండియే పునాది తరగతులని పేరు పెట్టి, నాలుగు సమాధానములలో సరియైనదానిని నిమిషములో గుర్తించుటను అది నేర్పును. అట్టి ప్రశ్నలో నీటిచుక్క ఇంకుటను చూచుటకు వ్యవధి లేదు. ప్రాజెక్టు పనులు సైతము గైడు పుస్తకములనుండి ఎత్తివ్రాయబడుచున్నవి. నలుబదిమంది విద్యార్థుల నోటుపుస్తకములలో ఒకే పరిశీలన, ఒకే వాక్యముతో కనిపించినచో అది పరిశీలన కాదు, వల్లెవేతయే.

అయిదవ దర్శనమును అపార్థము చేసికొనుటవలన కలుగు హాని కూడ కలదు. పిల్లవాడు తానే జ్ఞానమును నిర్మించుకొనునన్నచో గురువు ఊరకుండవలెనని కాదు. సెల్యులోజు అణువును ఏ పిల్లవాడును చెరువుగట్టున కూర్చుండి కనుగొనజాలడు. మానవజాతి శతాబ్దములు శ్రమించి సాధించినదానిని గురువు ఓపికతో చెప్పవలసినదే. చూడదగినదానిని చూపి, చూడరానిదానిని నమ్ముటకు గల ఆధారమును చెప్పుటయే నేర్పు.

పాఠ్యభారమును తగ్గించుటలోను దర్శనమే పనిచేయును. 2023లో వచ్చిన జాతీయ మండలి పదవ తరగతి పుస్తకమునుండి జీవపరిణామ భాగమును తొలగించినప్పుడు వేయికి మించిన శాస్త్రజ్ఞులు, ఉపాధ్యాయులు అభ్యంతరము తెలిపినారు. 1993లో భారము అను మాటకు అర్థము కానిది అని అర్థము. అర్థమైనచో అనేక విషయములను కలిపి చూపగల భావమును తీసివేయుట భారమును తగ్గించుట యగునా అన్నది వారి ప్రశ్న. పదవ తరగతి తరువాత జీవశాస్త్రమును విడిచిపెట్టు పిల్లలకు ఆ భావము మరల ఎదురుపడదు.

భాషాప్రశ్న కూడ మరల వచ్చినది. తెలంగాణ ప్రభుత్వము 2022–23 విద్యాసంవత్సరమునుండి ప్రభుత్వ పాఠశాలలలో ఆంగ్లమాధ్యమమును ప్రవేశపెట్టినది. ఒక పుట తెలుగు, ఎదుటి పుట ఆంగ్లము గల ద్విభాషా పుస్తకములను ఇచ్చినది. ఆంగ్లమును కోరు తల్లిదండ్రుల ఆకాంక్ష న్యాయమైనది. కాని తండాలోని పిల్లవానికి ఇంటిలో గోర్‌బోలీ, వీధిలో తెలుగు, పుస్తకములో ఆంగ్లము. ప్రశ్న పుట్టునది ఇంటి భాషలో. దానిని అడుగుటకు ఆంగ్లవాక్యము కుదిరినదాక ఆగవలసివచ్చినచో ఆ ప్రశ్న నోటిలోనే అణగిపోవును. కావున ఏ మాధ్యమమైనను సరియే, ప్రశ్నను మాత్రము ఏ భాషలోనైన అడుగుటకు తరగతిలో అనుమతి ఉండవలెను. ఆ ఎదుటి తెలుగు పుటకు గల ప్రయోజనము ఇదియే.

ఈ ప్రాంతపు పిల్లల ఎదుట ప్రశ్నలకు కొదువ లేదు. తునికాకు బీడీకి ఏల పనికివచ్చినది? బీడీలు చుట్టు తల్లికి పొగాకు ధూళివలన ఏమగును? సాంచెల షెడ్డులో పనిచేయువారి వినికిడి ఎట్లున్నది? చెరువు మత్తడి దూకినప్పుడు ఊరిబావిలో నీరు ఎన్నాళ్లకు పెరుగును? జగిత్యాల సమీపమున పొలాస వ్యవసాయ పరిశోధన స్థానములో రూపొందిన జగిత్యాల సన్నాలు అను వరిని ఎట్లు సాధించినారు? ఇవి పాఠమును రుచికరము చేయు తాలింపు గింజలు కావు. వీటికి సమాధానము వెదకుటలో కొలత, పోలిక, ఆధారము, అనుమానము అన్నియు కలవు. నేతవాని బిడ్డ సాంచెను గురించి చదువవలసినది దానికి కట్టుబడియుండుటకు కాదు. దానిని నడుపు నియమమును తెలిసికొని, కోరినచో దానిని మార్చుటకు, కోరినచో విడిచి వేరొక పనికి పోవుటకు. గాంధీమహాత్ముని ఆశయమునకు, తల్లిదండ్రుల అనుమానమునకు సంధి కుదురునది ఇచ్చటనే.

1976లో రాజ్యాంగమునకు జరిగిన నలుబదిరెండవ సవరణ శాస్త్రీయ దృక్పథమును, మానవతను, జిజ్ఞాసను పెంపొందించుకొనుటను ప్రతి పౌరుని ప్రాథమిక కర్తవ్యములలో చేర్చినది. ప్రవేశపరీక్షలో నెగ్గని పౌరునికి కూడ ఈ కర్తవ్యము కలదు. పదవ తరగతితో విజ్ఞానశాస్త్రమును విడిచి సాంచెకో, పొలమునకో, గల్ఫు దేశమునకో పోవు యువకులు అనేకులు. వారికి బడి ఇచ్చినదేమి? మరచిపోయిన సూత్రములు మాత్రమే అయినచో వారి పది సంవత్సరములు వ్యర్థమైనట్లే. మందుసీసాపై వ్రాసినదానిని చదివి ఆలోచించుట, వదంతికి ఆధారము అడుగుట, తన కన్నులతో చూచి లెక్కించుట అలవడినచో అవి వ్యర్థము కావు.

ఈ రేడియో వినుచున్న గృహస్థులకు మా మనవి ఒక్కటియే. మీ పిల్లవానికి ఎన్ని మార్కులు వచ్చినవో చూచిన తరువాత, వాని విజ్ఞాన నోటుపుస్తకమును కూడ ఒకసారి తెరచి చూడుడు. అందులో వాడు స్వయముగా చూచి, తన మాటలలో వ్రాసిన వాక్యము ఒక్కటైన కలదేమో వెదకుడు. కనిపించినచో ఆ ఉపాధ్యాయునికి మీ అభినందనము తెలుపుడు. కనిపింపనిచో పాఠశాల యాజమాన్య సంఘపు సమావేశములో ఆ మాటను మర్యాదగా ప్రస్తావింపుడు. పాఠ్యప్రణాళికలను పండితులు వ్రాయుదురు. వాటిలో ఏ దర్శనము బ్రతుకవలెనో నిర్ణయించుటలో మాత్రము తల్లిదండ్రులు అడుగు ప్రశ్నకు కూడ గొప్ప పాలు కలదు.